మాట వెంట నడిచిన జాతులు: స్లావుల తొలి వలసలు

తెలుగు చదువరులకు స్లావు జాతుల పరిచయం ముఖ్యంగా పుస్తకాల మూలాన కలిగింది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన తెలుగు అనువాదాలు విశాలాంధ్ర పుస్తకశాలల్లో చవకగా దొరికిన రోజుల్లో టాల్‌స్టాయి, చెహోవు, గోర్కీ మన ఇండ్లలో మనుషులైపోయారు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి ఆ అనువాదాలు చేశారు. ఆ పరిచయం వల్ల కలిగిన మేలు ఇంతంత కాదు. అయితే స్లావులంటే రష్యనులే అనే భావం కూడ దానితోపాటే చాలామంది మనసుల్లో స్థిరపడింది. రష్యనులు ఆ పెద్ద కుటుంబంలో ఒక శాఖలోని ఒక రెమ్మ మాత్రమే.

నేడు స్లావు భాషలు మాట్లాడేవారు సుమారు 30 కోట్లమంది. జర్మనీ తూర్పు అంచు నుండి పసిఫిక్ తీరాన ఉన్న వ్లదివస్తోక్ దాక వారి మాట వినబడుతుంది. రష్యన్, ఉక్రేనియన్, బెలరూసియన్ భాషలది తూర్పు శాఖ. పోలిష్, చెక్, స్లోవక్, సోర్బియన్ భాషలది పశ్చిమ శాఖ. బల్గేరియన్, మాసిడోనియన్, సెర్బియన్, క్రొయేషియన్, బోస్నియన్, మాంటెనీగ్రన్, స్లోవేన్ భాషలది దక్షిణ శాఖ. ఇన్నిటికి మూలమైన జనం క్రీ.శ. 500 నాటికి చరిత్రకారుల కంట దాదాపుగా పడనే లేదు. వారికి సామ్రాజ్యం లేదు, రాజధాని లేదు, లిపి లేదు. అయినా మరి రెండు మూడు వందల ఏండ్లలో యూరపులో సగభాగం వారి మాటే మాట్లాడసాగింది. ఇది ఎట్లా జరిగింది? ఒకే మాటతో బయలుదేరినవారు ఇంత భిన్నులు ఎట్లా అయ్యారు?

ప్రశ్నలు పాతవే అయినా వీటి వేడి చల్లారలేదు. రష్యనులు, ఉక్రేనియనులు చారిత్రకంగా ఒకే ప్రజ అని వాదిస్తూ రష్యా అధ్యక్షుడు పుతిన్ 2021 జూలైలో ఒక దీర్ఘవ్యాసం ప్రకటించాడు. 2022 ఫిబ్రవరి 24న ఆయన సేనలు ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దండయాత్ర మొదలుపెట్టాయి. వెయ్యేండ్లనాటి వలసల కథ ఫిరంగులకు సమర్థనగా వాడబడుతున్నప్పుడు, ఆ కథలో నిజంగా ఏమున్నదో తెలుసుకోవడం కాలక్షేపం కాదు. అందుకే ఈ టపా.

పొరుగువారు వ్రాసిన మాటలు

స్లావులను గూర్చి స్పష్టంగా వ్రాసినవారు ఆరవ శతాబ్దంలో గాని కనబడరు. వారందరూ పరాయివారే. జస్టీనియన్ చక్రవర్తి కాలంలో జోర్డానెస్ అనే రచయిత 551 ప్రాంతంలో గోతుల చరిత్ర వ్రాస్తూ, వెనెతులనే పెద్ద జనసమూహంలో స్క్లవీనులు, అంతెలు ముఖ్యులని చెప్పాడు. స్క్లవీనులకు చిత్తడినేలలూ అడవులే పట్టణాలని కూడ చెప్పాడు. ఆ కాలంవాడే అయిన ప్రొకోపియస్ మరికొంత వివరం ఇచ్చాడు. వీరిని ఒక్కడెవడూ ఏలడు, మంచిచెడ్డలన్నీ అందరూ కలిసి తేల్చుకుంటారు. ఒకరికొకరు దూరంగా పూరిగుడిసెలు వేసుకుంటారు, తరచు చోటు మారుస్తారు. మెరుపును సృష్టించే ఒక దేవుణ్ణి సర్వానికి ప్రభువుగా తలచి పశుబలి ఇస్తారు, నదులనూ పూజిస్తారు. స్క్లవీనులూ అంతెలూ మాట్లాడే భాష ఒక్కటే.

మారిస్ చక్రవర్తి పేర చెలామణీ అయ్యే ‘స్త్రాతెగికోన్’ అనే యుద్ధతంత్ర గ్రంథం క్రీ.శ. 600 ప్రాంతానిది. శత్రువును ఓడించడం ఎట్లా అని చెప్పడానికి వ్రాసిన పుస్తకం కనుక అందులో పొగడ్తకు చోటు లేదు. అయినా ఆ రచయిత మూడు సంగతులు దాచలేదు. వీరు అతిథిని ఎంతో ఆదరిస్తారు, తమ ఇంట అతిథికి హాని జరిగితే పక్కవాడు దండెత్తి వస్తాడు. వీరి ధాన్యపు నిలువల్లో ముఖ్యమైనవి వరిగలు, కొర్రలు. యుద్ధంలో పట్టుబడినవారిని వీరు కలకాలం దాస్యంలో ఉంచరు. కొంత గడువు పెట్టి, ఆపైన సొమ్ము చెల్లించి ఇంటికి పోతావా, స్వతంత్రుడవై మాతోనే మిత్రుడుగా ఉంటావా అని అడుగుతారు.

ఈ మూడవ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మూడు నాలుగు వందల ఏండ్ల తరువాత ఎల్బే నదీతీరాల్లో పట్టుబడిన స్లావులను గుంపులుగా ప్రాగ్ మీదుగా, వెర్దున్ మీదుగా స్పెయిన్‌లోని కొర్దోబా దాక తోలుకుపోయి అమ్మారు. లాటిన్‌లో స్లావుల పేరైన ‘స్క్లావుస్’ అనే మాటకే బానిస అనే అర్థం స్థిరపడింది. ఇంగ్లీషులోని ‘స్లేవ్’ అందులోనుంచి వచ్చినదే. బందీలకు విముక్తి ఇచ్చిన జనం పేరు దాస్యానికి పేరైంది.

వారు తమను తాము పిలుచుకున్న పేరు ‘స్లొవేనె’. ‘స్లొవొ’ అంటే మాట. మాట తెలిసినవారు, అనగా తమ మాట అర్థమయ్యేవారు, స్లొవేనులని చాలామంది పండితుల అభిప్రాయం. దీనికి బలమైన ఆధారం ఎదుటిపక్షానికి పెట్టిన పేరులో ఉంది. జర్మనులను స్లావులందరూ ‘నేమెత్స్’ వంటి పేర్లతో పిలుస్తారు. దాని మూలార్థం మూగవాడు. అర్థంకాని పలుకు పలికేవాణ్ణి మ్లేచ్ఛుడని మన ప్రాచీనులు అన్న తీరు ఇదే. కాబట్టి ఈ జాతికి మొదటి సరిహద్దు నది కాదు, కొండ కాదు. మాట అర్థమయ్యే చోటుదాక తమవారు, అర్థం కాని చోటినుండి పరాయివారు.

మాటలు చెప్పే సాక్ష్యం

లిపి లేనివారి చరిత్రకు వారి మాటలే శాసనాలు. స్లావు భాషల్లోని మాటలు సంస్కృతం చదివినవారికి అడుగడుగునా పరిచితంగా తోస్తాయి. మనం తెలుగులో వాడే తత్సమాలెన్నో అక్కడ జ్ఞాతులుగా కనబడతాయి. రష్యన్ ‘ఒగోన్’ మన అగ్ని, ‘నేబొ’ నభస్సు, ‘జిమా’ హిమం. ‘ద్వేర్’ ద్వారం, ‘స్తొ’ శతం, ‘దేస్యత్’ దశ. చుట్టరికాల పేర్లు మరీ విశేషం. ‘స్వేకొర్’ శ్వశురుడు, ‘స్నొఖా’ స్నుష, అంటే కోడలు. మగని తోడబుట్టినవాణ్ణి సంస్కృతంలో దేవరుడంటే వారు ‘దేవెర్’ అంటారు. ‘వ్దొవా’ విధవ. ఇవి ఎరువు తెచ్చుకున్న మాటలు కావు. ఇండో-యూరోపియన్ అనే మూలభాషనుండి రెండు వైపులా పంచుకున్న ఆస్తి. తెలుగు ద్రావిడ భాష అయినా సంస్కృతం ద్వారా మనకూ ఈ పంపకంలో కొంత అందింది.

ఎలుగుబంటిని వారు ‘మెద్వేద్’ అంటారు. ‘మెద్’ మధువు, ‘ఏద్’ తినేది. తేనె తినేదని అర్థం. సంస్కృతంలో మధు, అద్ అనే ధాతువు కలిస్తే ఇదే మాట వస్తుంది. ఋగ్వేదంలో ‘మధ్వదః’ అనే మాట పక్షులకు విశేషణంగా కనబడుతుంది కూడ. ఎలుగుబంటికి మూలభాషలో ఉన్న అసలు పేరు సంస్కృతంలో ఋక్షమై, గ్రీకులో ‘అర్క్తోస్’ అయి నిలిచింది. స్లావులలో అది మాయమైంది. అడవిలో బ్రతికేవారు ఆ మృగం పేరెత్తడానికి భయపడి మారుపేరు పెట్టుకున్నారని భాషావేత్తలు చెబుతారు. రాత్రివేళ పాము అనకుండా పురుగు అనే మనవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

మాటలు పుట్టిన చోటును కూడ పట్టిస్తాయా? 1908లో యోజెఫ్ రోస్తఫీన్‌స్కీ అనే పోలిష్ వృక్షశాస్త్రజ్ఞుడు ఒక యుక్తి చెప్పాడు. స్లావు భాషల్లో భూర్జవృక్షానికి, సింధూర వృక్షానికి సొంత పేర్లున్నాయి. పశ్చిమ, మధ్య యూరపులో విరివిగా పెరిగే బీచ్ చెట్టుకు మాత్రం సొంత పేరు లేదు. ‘బూక్’ అనే పేరు జర్మను జాతులనుండి తెచ్చుకున్నదే. కాబట్టి వారి తొలి నెలవు బీచ్ చెట్టు పెరగని తూర్పు ప్రాంతంలో, నేటి బెలరూస్-ఉక్రెయిన్ సరిహద్దున ఉన్న ప్రిప్యత్ నది చిత్తడినేలల దగ్గర ఉండాలని ఆయన వాదం. చెట్ల పేర్లు ఒక చెట్టునుండి మరొక చెట్టుకు మారగలవు కనుక ఈ ఒక్క యుక్తితో తీర్పు చెప్పలేమని తరువాతివారు అన్నారు. అయినా ఆ దిక్కు తప్పు కాదని వంద ఏండ్ల తరువాత వేరొక సాక్ష్యం తేల్చింది. ఆ సంగతి ముందు వస్తుంది.

ఎరువు మాటలు కూడ చరిత్ర చెబుతాయి. రొట్టెకు వారి పేరైన ‘ఖ్లేబ్’, రాజుకు పేరైన ‘క్న్యాజ్’ జర్మను జాతుల మాటలు. దేవుడికి వారు వాడే ‘బోగ్’ మన భగశబ్దానికి జ్ఞాతి. ఇరాను భాషలు మాట్లాడిన గడ్డిమైదానాల వారి పరిచయం దాని వెనుక ఉందని చాలామంది భావిస్తారు. ఒకవైపు గోతులు, మరొకవైపు సర్మతులు. వారి నడుమ బ్రతికిన చిన్న జనం స్లావులు.

దారి తెరుచుకున్న తీరు

క్రీ.శ. 375 ప్రాంతంలో హూణులు తూర్పునుండి వచ్చి పడ్డారు. గోతులు మొదలైన జర్మను జాతులు వరుసగా పడమటికి, దక్షిణానికి కదిలిపోయాయి. 453లో అత్తిలా మరణించగానే హూణుల సామ్రాజ్యం కూలింది. విస్తుల, ఎల్బే నదుల నడుమ నేలలు చాలావరకు ఖాళీ అయ్యాయి. దక్షిణాన జస్టీనియన్ తన బలగాన్ని ఇటలీ యుద్ధాల్లో ఖర్చు చేస్తుండగా, 541లో మహామారి వచ్చి అతని సామ్రాజ్యాన్ని కుదిపింది. డాన్యూబు నది వెంట కోటలు కట్టినా వాటిలో నిలిపే మనుషులు చాలలేదు.

ఇంతలో అవారులనే సంచార యోధులు వచ్చారు. 558లో వారి రాయబారులు కాన్‌స్టాంటినోపుల్ చేరారు, 568కల్లా వారు నేటి హంగరీ మైదానంలో పాతుకున్నారు. స్లావులలో కొందరు అవారుల కింద సైనికులై, కొందరు వారితో చెలిమి చేసి, కొందరు వారినుండి తప్పించుకుంటూ దక్షిణానికి పడమటికి వ్యాపించారు. 582లో సిర్మియం నగరం అవారుల వశమైంది. 626లో అవారులు కాన్‌స్టాంటినోపుల్‌ను ముట్టడించినప్పుడు, చెట్టుమాను తొలిచి చేసిన దోనెలలో స్లావులు సముద్రపు పాయలోకి దిగారు. ముట్టడి విఫలమైంది గాని, అప్పటికే స్లావుల పల్లెలు గ్రీసు దక్షిణాన ఉన్న పెలోపొన్నీస్ వైపు సాగుతున్నాయి. అటు పడమట సామో అనే ఫ్రాంకు వర్తకుణ్ణి నాయకుడిగా చేసుకొని కొన్ని స్లావు తెగలు అవారుల కాడి విదిల్చుకున్నాయి. 631లో అవి ఫ్రాంకు రాజు దగోబెర్తు సేనను కూడ ఓడించాయి.

వీరు పోయిన చోటల్లా పురావస్తు శాస్త్రజ్ఞులకు దొరికేవి ఒకే తీరు వస్తువులు. చేతితో చేసిన నునుపులేని మట్టికుండ, నేలలోకి తవ్వి కట్టిన చదరపు గుడిసె, దాని మూల రాళ్లతో పేర్చిన పొయ్యి, దహనం చేసిన అస్థికలు ఉంచిన పాత్ర. ఆ కుండల తీరుకు ‘ప్రాగ్ రకం’ అనే పేరు 1940లో ఇవాన్ బోర్కోవ్‌స్కీ పెట్టాడు. నాజీల ఏలుబడిలో ఉన్న ప్రాగ్‌లో, స్లావులు అక్కడ ప్రాచీనులని చెప్పే పుస్తకం ఏలినవారికి రుచించలేదు. దాన్ని అంగళ్లనుండి ఉపసంహరించుకోవలసి వచ్చింది. మట్టికుండ కూడ రాజకీయమైన రోజులవి.

ఈ బీద బ్రతుకే వారికి బలమైందని నా అభిప్రాయం. రోమను నాగరికత నిలవడానికి రోడ్లు, పన్నులు, నగరాలు, నేతి జాడీలవలె నూనె జాడీలు మోసే ఓడలు కావాలి. అవి తెగగానే అది కూలింది. స్లావు కుటుంబానికి కావలసినవి ఒక గొడ్డలి, ఒక కుండ, విత్తిన రెండు మూడు నెలల్లో కోతకు వచ్చే వరిగ విత్తనం. రాజు ఓడినా ఊరు ఓడదు, ఎందుకంటే రాజే లేడు. పైగా వచ్చి కలిసినవాడు తన మాట నేర్చుకుంటే తనవాడే.

నిజంగా జనమే కదిలారా, లేక స్థానికులే ఆ మాట నేర్చుకున్నారా అన్న వాదం చాలాకాలం నడిచింది. 2001లో ఫ్లోరిన్ కుర్తా అనే పండితుడు, స్లావులనే గుర్తింపు ప్రిప్యత్ చిత్తడుల్లో పుట్టి నడచి రాలేదు, డాన్యూబు సరిహద్దున జస్టీనియన్ కోటల నీడలోనే ఏర్పడిందని వాదించాడు. 2025 సెప్టెంబరులో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన 555 మంది ప్రాచీనుల డీఎన్‌ఏను పరీక్షించింది. స్లావులు చాలాకాలం దహనసంస్కారమే చేసినందున తొలి తరాల ఎముకలు దొరకడం అరుదు. దొరికినంతలో తేలినది ఇది. ఆరు నుండి ఎనిమిదవ శతాబ్దం లోపల తూర్పు జర్మనీ, పోలండ్, క్రొయేషియా ప్రాంతాల్లో వంశమూలాలు 80 శాతానికి మించి మారిపోయాయి. కొత్తగా వచ్చినవారి మూలం దక్షిణ బెలరూస్, ఉత్తర ఉక్రెయిన్ ప్రాంతాల వైపు చూపుతుంది. వచ్చినవారు యోధులైన మగవారు మాత్రమే కారు, ఆడవారితో సహా వచ్చిన కుటుంబాలు.

అదే పరిశోధన భేదాన్నీ చూపింది. తూర్పు జర్మనీలో తండ్రివైపు వంశం పట్టుకొని తరతరాలు ఒకేచోట ఉన్న పెద్ద కుటుంబాలు కనబడ్డాయి. క్రొయేషియాలో సంఘపు తీరు అంతగా మారలేదు. బాల్కన్ ప్రజలను గూర్చి 2023లో ‘సెల్’ పత్రికలో వచ్చిన మరొక పరిశోధన, అక్కడివారి వంశమూలాల్లో ఈ వలస పాలు 30 నుండి 60 శాతమని చెప్పింది. అంటే ఒకచోట వలసవారు పాతవారిని దాదాపు కప్పివేశారు, మరొకచోట వారితో కలిసిపోయారు. రెండుచోట్లా మిగిలిన మాట ఒక్కటే.

భేదాలు మొలిచిన నేలలు

ఇక రెండవ ప్రశ్న. భేదాలకు మొదటి కారణం నేల. కీవ్‌లో 12వ శతాబ్దం తొలినాళ్లలో కూర్చిన ప్రాచీన వృత్తాంతం తెగల పేర్లు చెబుతుంది. పొలంలో ఉండేవారు ‘పొల్యానె’, చెట్లలో ఉండేవారు ‘ద్రెవ్ల్యానె’. ఆ గ్రంథకర్త కీవ్ వాడు, అంటే పొల్యానెల నేల మనిషి. పొల్యానెలు శాంతస్వభావులు, మర్యాదస్తులు, పెండ్లి పద్ధతి తెలిసినవారని మెచ్చుకుంటూ, పొరుగున ఉన్న ద్రెవ్ల్యానెలు మృగాలవలె బ్రతుకుతారని, నీటిరేవుల దగ్గర కన్యలను ఎత్తుకుపోతారని ఈసడించాడు. ఒకే మాట మాట్లాడే రెండు తెగల మధ్య వెక్కిరింపు అంత పాతది. పక్క తాలూకా యాసను వెక్కిరించడం ఏ జాతికైనా తెలిసిన విద్యే.

రెండవ కారణం పొరుగు. బల్గేరియా పేరు స్లావుల పేరు కాదు. 681 ప్రాంతంలో డాన్యూబు దాటి రాజ్యం స్థాపించిన బల్గారులు తురుష్క భాష మాట్లాడే అశ్వికులు. రెండు వందల ఏండ్లలో వారు ప్రజల స్లావు భాషలో కరిగిపోయి, పేరు మాత్రం మిగిల్చారు. రష్యాకు మూలమైన ‘రూస్’ కూడ ఉత్తరంనుండి పడవల్లో వచ్చిన స్కాండినేవియా వారి పేరేనని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ పాలకులు కూడ కొన్ని తరాల్లో స్లావు పేర్లు పెట్టుకున్నారు. ఏలినవాడు పేరు ఇచ్చాడు, ఏలబడినవాడు మాట ఇచ్చాడు. అన్నిచోట్లా ఇట్లా జరగలేదు. 895 ప్రాంతంలో హంగరీ మైదానంలోకి వచ్చిన మాగ్యారులు తమ మాట వదలలేదు. దక్షిణ స్లావులకూ పశ్చిమ స్లావులకూ మధ్య వారు, జర్మనులు, రొమేనియనులు అడ్డుగోడగా నిలిచారు. ఆపైన రెండు వైపులవారి మాటలు వేరు దారులు పట్టాయి.

ఆ దారుల జాడ ఒక మాటలో చూడవచ్చు. కోటకు, ఊరికి మూలస్లావు రూపం ‘గొర్ద్’. రష్యనులు నడుమ అచ్చు చేర్చి ‘గోరద్’ అన్నారు, ఉక్రేనియనులు ‘హొరొద్’. దక్షిణంవారు వర్ణాలు తారుమారు చేసి ‘గ్రాద్’ అన్నారు, బెల్‌గ్రేడ్‌లో ఉన్నది అదే. చెకులు ‘హ్రద్’, పోలులు ‘గ్రుద్’. ఈ మార్పు ఎప్పటిదో చెప్పే మాట ఇంకొకటి ఉంది. రాజును రష్యన్‌లో ‘కరోల్’, పోలిష్‌లో ‘క్రుల్’, చెక్‌లో ‘క్రాల్’ అంటారు. 814లో మరణించిన ఫ్రాంకు చక్రవర్తి షార్లమేన్ అసలు పేరు కార్ల్. ఆ పేరే వీరికి రాజశబ్దమైంది. ఆ ఎరువు మాట కూడ ‘గొర్ద్’ వలెనే మూడు తీరుల మారింది కనుక, క్రీ.శ. 800 నాటికి స్లావుల మాట ఇంకా దాదాపు ఒక్కటే అన్నమాట.

వ్యాకరణంలోనూ పొరుగు చేసిన పని కనబడుతుంది. గ్రీకు, రొమేనియన్, ఆల్బేనియన్ భాషల నడుమ ఉన్న బల్గేరియన్ నామవాచకాల విభక్తులను దాదాపుగా వదిలేసింది. ఒక మూల ఒదిగి ఉన్న స్లోవేన్, సోర్బియన్ భాషలు మాత్రం సంస్కృతంలో మనం చదివిన ద్వివచనాన్ని నేటికీ కాపాడుకుంటున్నాయి.

మూడవ కారణం మతం, దానితో వచ్చిన లిపి. మొదట అందరివీ ఒకే తీరు దేవతలు. తూర్పున ఉరుముల దేవుడు పెరూన్. బాల్టిక్ సముద్రంలో ర్యూగెన్ ద్వీపాన అర్కోనా కోటలో నాలుగు తలల స్వంతెవిత్ విగ్రహం ఉండేది. మన చతుర్ముఖుణ్ణి తలపించే ఆ విగ్రహాన్ని 1168లో డేనులు కూల్చారు. కీవ్ పాలకుడు వ్లదీమిర్ 980లో పెరూన్ విగ్రహాన్ని నిలిపి, 988లో క్రైస్తవుడై దానిని ద్నీపర్ నదిలో త్రోయించాడు. 864 ప్రాంతంలో బల్గేరియా, తరువాత రూస్, సెర్బులు కాన్‌స్టాంటినోపుల్ సంప్రదాయం స్వీకరించారు. 966లో పోలండ్, అట్లే చెకులు, క్రొయేటులు, స్లోవేనులు రోము వైపు నిలిచారు. 1054లో ఆ రెండు పీఠాలు విడిపోయినప్పుడు స్లావుల నడుమ గీత పడింది. పండుగ తేదీలు, గుడి కట్టడం, సన్యాసుల నడవడి, అక్షరాలు అన్నీ ఆ గీతకు ఇరువైపులా వేరయ్యాయి. సెర్బులూ క్రొయేటులూ దుబాసీ లేకుండా మాట్లాడుకోగలరు, అయినా ప్రధానంగా ఒకరు సిరిలిక్‌లో, ఒకరు లాటిన్ అక్షరాల్లో వ్రాస్తారు.

మాటకు అక్షరం

862లో మొరావియా రాజు రాస్తిస్లావ్, తన ప్రజలకు అర్థమయ్యే మాటలో ధర్మం బోధించే గురువులను పంపమని కాన్‌స్టాంటినోపుల్‌కు కబురు పంపాడు. 863లో థెస్సలొనీకి నగరంవారైన సిరిల్, మెథోడియస్ అనే సోదరులు బయలుదేరారు. ఏజియన్ తీరంలో నేర్చిన స్లావు మాట, అక్కడికి ఎంతో దూరాన ఉన్న మొరావియాలో అర్థమైంది. వలసలు ముగిసిన రెండు శతాబ్దాలకు కూడ మాట ఎంత దగ్గరగా ఉన్నదో దీనివల్ల తెలుస్తుంది. ఆ మాట కోసం సిరిల్ కల్పించిన లిపి గ్లాగోలిత్సా. దైవస్తుతికి హీబ్రూ, గ్రీకు, లాటిన్ మూడే తగినవని పట్టుబట్టిన మతాధికారులతో ఆయన వెనిస్‌లో వాదించవలసి వచ్చింది. 869లో సిరిల్, 885లో మెథోడియస్ మరణించారు. మొరావియాలో వారి శిష్యులను తరిమివేశారు. బల్గేరియా వారికి ఆశ్రయమిచ్చింది. నేటి సిరిలిక్ లిపి అక్కడ రూపుదిద్దుకుంది. గ్లాగోలిత్సా క్రొయేషియా తీరంలో శతాబ్దాలపాటు నిలిచి, 1483లో అచ్చుకూడా ఎక్కింది. 2005లో యూనికోడు 4.1లో దానికి చోటు దొరికింది. యూనికోడు తెలుగుకోసం తంటాలు పడిన మిత్రులకు ఆ సంతోషం ఎటువంటిదో తెలుసు.

అక్షరం అందనివారి గతి వేరు. ఎల్బే నదికి ఇరువైపులా ఒకప్పుడు స్లావులే ఉండేవారు. లైప్జిగ్ పేరులో ఉన్నది ‘లీపా’ అనే చెట్టు, పొమెరేనియా అంటే సముద్రతీరమని స్లావు అర్థం. జర్మను ఏలుబడిలో ఆ మాట ఊరూరా తగ్గుతూ వచ్చింది. హనోవర్ దగ్గరి వెండ్‌లాండ్‌లో యాన్ పారుమ్ షూల్త్సె అనే రైతు 1725 ప్రాంతంలో తన ఊరి వృత్తాంతం వ్రాస్తూ, ఇక ఈ ఊళ్లో తానూ మరి ముగ్గురూ పోయిన తరువాత కుక్కను తమ మాటలో ఏమంటారో చెప్పేవారు ఉండరని వ్రాసుకున్నాడు. ఆయన ఆ సంగతి వ్రాసినది జర్మన్‌లో. ఆ శతాబ్దం ముగియకముందే ఆ భాష అంతరించింది. అదే జర్మనీలో లుసాతియా సోర్బులకు 1574లోనే తమ మాటలో అచ్చుపుస్తకం వచ్చింది. వారికీ సొంత రాజ్యం లేదు. సంఖ్య కొద్దిదే అయినా వారి భాష నేటికీ బ్రతికి ఉంది.

ఇప్పుడు మొదటి ప్రస్తావనకు వద్దాం. రష్యన్, ఉక్రేనియన్, బెలరూసియన్ ఒకే చెట్టు కొమ్మలన్నది నిజం. కీవ్ ముగ్గురికీ పూర్వస్థానమన్నదీ నిజం. 1240లో మంగోలులు కీవ్‌ను నేలమట్టం చేసిన తరువాత ఆ ప్రజలు వేరు వేరు ఏలుబడుల్లో పడ్డారు. ఒకరు మాస్కో నీడన, మరికొందరు లిథువేనియా, పోలండ్ నీడన పెరిగారు. మాటలు వేరయ్యాయి, న్యాయాలు వేరయ్యాయి. 863లో స్లావు మాటకు అక్షరాలు మోసుకొని సోదరులు బయలుదేరితే, సరిగ్గా వెయ్యేండ్లకు, 1863లో, రష్యా మంత్రి వాలూయెవ్ ఉక్రేనియన్‌లో మతగ్రంథాలు, పాఠ్యపుస్తకాలు అచ్చువేయరాదని ఆజ్ఞ ఇచ్చాడు. అటువంటి భాషే లేదన్నది ఆ ఆజ్ఞలోని వాదం. 1876లో ఎమ్స్ నగరంనుండి జారు చక్రవర్తి మరింత కఠినమైన నిషేధం విధించాడు. లేని భాషను నిషేధించవలసిన పని ఏమిటో వారికే తెలియాలి.

అన్నదమ్ములన్న మాట ఇద్దరూ అన్నప్పుడు చుట్టరికం. ఒకడే అని, రెండవవాడి నోరు మూసినప్పుడు అది ఆస్తి దావా. చిత్తడినేలల్లో వరిగలు పండించుకున్న ఆ జనం, కలిసినవాణ్ణి తమ మాటతో తమవాణ్ణి చేసుకొని పెరిగారు. అందుకే వారి వారసులు ఇందరయ్యారు. ఆ వారసులలో ఏ ఒక్కరూ మిగిలినవారి మాటకు హక్కుదారులు కారు.

గ్లాగోలిత్సా అక్షరాల తీరును గూర్చి వేరుగా ఒక టపా వ్రాయదలచాను. రష్యన్ గాని, ఇతర స్లావు భాషలు గాని తెలిసిన మిత్రులు ఈ మాటల పట్టికకు తమకు తెలిసినవి చేరిస్తే సంతోషిస్తాను.